కుడి పక్క అతుకు

నా పనిముట్ల పెట్టె అడుగున, పాత చేతితొడుగుల కింద, గుడ్డలో చుట్టిన స్టీలు పైపు ముక్క ఒకటి ఏడేళ్లుగా ఉంది. జానెడు కూడా ఉండదు. తూకం వేస్తే పావు కిలో తూగదు. దాన్ని నేను మోయలేకపోతున్నాను. ఎవరికైనా చెబుదామని ఈ ఏడేళ్లలో ఎన్నిసార్లు నోరు తెరిచానో, తెరిచిన ప్రతిసారీ వేరే ఏదో మాట అనేసి ఎలా తప్పించుకున్నానో నాకే తెలుసు. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు కూడా లేచి నిలబడ్డాను. దేవుడు నాకు షాపు ఇచ్చాడని, చేతినిండా పని ఇచ్చాడని చెప్పి కూర్చున్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే మధ్యలో ఆపి, పోనీలే, కావాలని చేశావా ఏమిటి అంటారు. ఆ మాట నాకు వద్దు. నా పేరుతో మీకు పని లేదు. మిగతా ఇద్దరి పేర్లు మార్చాను. ఊర్లు మాత్రం మార్చలేదు, మార్చాలని కూర్చుంటే మాట ముందుకు సాగలేదు.

నాది నంద్యాల. వెల్డింగ్ పని. గేట్లకూ కిటికీలకూ నిప్పురవ్వలు ఎగరేస్తూ చేసే వెల్డింగ్ కాదు, టిగ్ వెల్డింగ్. ఒక చేత్తో టార్చ్ పట్టుకుని, రెండో చేత్తో సన్నటి కడ్డీని చుక్క చుక్కగా అందిస్తూ, స్టీలును స్టీలులో కలపాలి. రవ్వలుండవు, చప్పుడుండదు. ఓపిక కావాలి. అతుకు మీద చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి వరసలు పడతాయి. పని బాగా కుదిరితే ఆ పొలుసులు బంగారు రంగు, నీలం, ఊదా కలిసి మెరుస్తాయి. చూసినవాడు వేలితో తాకకుండా వెళ్లడు.

ఈ పని నాకు నేర్పినవాడు మౌలాలి అన్న. షాపు ఆయనదే. ఐటీఐ చదివి ఊరికే తిరుగుతున్న నన్ను పిలిచి టార్చ్ చేతికిచ్చాడు. హోటళ్ల సింకులు, మెట్ల రెయిలింగులు, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలకు నీళ్ల ట్యాంకులు, ఇవి మా రోజువారీ పనులు. కానీ అన్నకు పేరొచ్చింది మోటార్ సైకిళ్ల సైలెన్సర్ల వల్ల. కంపెనీ పైపు తీసేసి తమకు నచ్చిన వంపుతో, నచ్చిన శబ్దంతో స్టీలు పైపు చేయించుకునే కుర్రాళ్లు కర్నూలు నుంచీ, ప్రొద్దుటూరు నుంచీ వచ్చేవాళ్లు. ఆయన వాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పించి, బండిని ఒకసారి స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని వినేవాడు. ఆ తర్వాతే కొలతలు తీసేవాడు.

నాది ఎడమచేతివాటం. బళ్లో దానికోసం దెబ్బలు తిన్నాను. మా నాయన అన్నం తినేటప్పుడు చెయ్యి కట్టేసేవాడు. అన్న మాత్రం మొదటిరోజు నేను టార్చ్ ఎడమచేత్తో తీసుకుంటే చూసి, "యా చేత్తో అయితే ఏందిరా, మంట నిలకడగా ఉండాల, అంతే" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆయన అతుకు కుడి నుంచి ఎడమకు పోతుంది, నాది ఎడమ నుంచి కుడికి. ఇద్దరం పైపును కాలర్ పైకి ఉండేట్టే పెట్టుకుంటాం కాబట్టి, పొలుసులు ఎటు తిరిగాయో చూస్తే చెయ్యి ఎవరిదో చెప్పేయొచ్చు. కాలర్ అంటే పైపును ఇంజనుకు బిగించే చోట ఉండే కంకణం. బండి అదురు, మంట వేడి, రెండూ మొదట తగిలేది అక్కడే.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. స్టీలు పైపును బయటినుంచి అతికేటప్పుడు లోపలి పక్క కూడా కరుగుతుంది. కరిగిన స్టీలుకు గాలి తగలకూడదు. బయట టార్చ్ నుంచి వచ్చే ఆర్గాన్ గ్యాస్ కాపాడుతుంది. మరి లోపల? అందుకని పైపు రెండు కొసలూ టేపుతో మూసి, ఒక పక్క సన్నటి గొట్టంతో గ్యాస్ పంపిస్తాం. రెండో పక్క టేపుకు చిన్న చిల్లు. ఆ చిల్లు దగ్గర అగ్గిపుల్ల వెలిగించి పెట్టాలి. పుల్ల ఆరిపోతే లోపల గాలి పోయి గ్యాస్ నిండినట్టు. అప్పుడే టార్చ్ ముట్టుకోవాలి. మౌలాలి అన్న షాపులో ఇది నమాజు లాంటిది. ఎంత తొందరైనా, ఎంత చిన్న పనైనా, "పుల్ల ఆరిందా?" అని అడగకుండా ఉండేవాడు కాదు.

లోపల గ్యాస్ పెట్టకపోతే బయటికి ఏమీ తెలియదు. అవే పొలుసులు, అవే రంగులు. లోపల మాత్రం అతుకంతా మాడిన బెల్లంపాకంలా నల్లగా, పొక్కులు పొక్కులుగా గడ్డకడుతుంది. వేలు పెడితే గరగరమంటుంది. దానికి బలం ఉండదు. వెంటనే విరగదు. కొన్ని నెలలు బాగానే ఉంటుంది.

మౌనేశ్ మా షాపుకు వచ్చినప్పుడు అతనికి ఇరవై ఆరేళ్లు. ఆళ్లగడ్డ శిల్పుల ఇంటి బిడ్డ. వాళ్ల తాతల నుంచీ విగ్రహాలు చెక్కడమే పని. అతని చేతికి ముఖాలు ఇచ్చేవాళ్లు. విగ్రహంలో ముఖం అందరికీ ఇవ్వరు, మంచి చెయ్యికే ఇస్తారు. ఏదో గుడికి పెద్ద పని చేసి, ఆ సంపాదనతో రెండు సిలిండర్ల బండి కొనుక్కున్నాడు. ఇంజనుకు రెండు పక్కలా రెండు పైపులు. ఆ పైపుల వంపు ఎలా ఉండాలో బొగ్గుతో కాగితం మీద గీసుకొచ్చాడు. మౌలాలి అన్న ఆ కాగితాన్ని కళ్లకు ఆనించుకుని చాలాసేపు చూసి, "ఇది గీసినోడు పనోడే" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు.

కళ్లకు ఆనించుకుని అన్నాను కదా. అప్పటికే అన్న కళ్లకు పొరలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకోమని వదిన రోజూ పోరేది. ఈ పనొకటి అయిపోనీ అనేవాడు. చూపు తగ్గినా చెయ్యి తప్పేది కాదు. అలవాటుమీద, స్పర్శమీద నడిపించేవాడు. అయినా బజార్లో మాట పుట్టింది, మౌలాలికి కనపడదంట అని. ఆ మాట పుట్టించినవాళ్లలో నేను లేను. లేనని అనుకుంటున్నాను.

ఆరోజు శుక్రవారం. మౌనేశ్ పొద్దున్నే బండి వదిలి, సాయంత్రం వస్తానని వెళ్లాడు. వంపుల అతుకులన్నీ ముందురోజే అయిపోయాయి. మిగిలింది రెండు కాలర్లు. ఎడమ పైపు కాలర్ అన్న చేశాడు. టేపు, గొట్టం, పుల్ల, అన్నీ పద్ధతిగా. జుమ్మా వేళయింది. చేతులు కడుక్కుంటూ, "గ్యాస్ సిలిండర్ అడుగుకొచ్చింది. కుడిది నేనొచ్చినాక చేస్తా. నువ్వు ముట్టొద్దు" అని మసీదుకు వెళ్లాడు.

నువ్వు ముట్టొద్దు. తొమ్మిదేళ్లు ఆయన దగ్గర పనిచేసినవాణ్ని. ఆయన ఆ మాట గ్యాస్ గురించే అన్నాడు. నాకు మాత్రం చురుక్కుమంది. కళ్లు కనపడని మనిషి నన్ను ముట్టొద్దంటాడా అనుకున్నాను. ఆయన వచ్చేలోపు ముగించి చూపించాలనుకున్నాను. లోపలికి గ్యాస్ పంపితే బయటికి చాలదేమో అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నాళ్లూ అదే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధం. అదే సిలిండర్‌తో మేం శనివారం సాయంత్రం దాకా రెయిలింగు పని చేశాం. గ్యాస్ ఉంది. ఆయన తిరిగొచ్చేస్తాడన్న తొందర తప్ప నాకు వేరే కారణం లేదు. టేపు కట్టలేదు, గొట్టం పెట్టలేదు, పుల్ల గీయలేదు. కాలర్ పైకి పెట్టి ఒక్క చుట్టు చుట్టేశాను. నా జన్మలో అంత అందమైన అతుకు మళ్లీ పడలేదు. ఇది కూడా నిజమే, రాయక తప్పడం లేదు.

అన్న వచ్చేసరికి రెండు పైపులూ ఇంజనుకు బిగించేశాను. ఆయన కోప్పడలేదు. వంగి, బొటనవేలితో నా అతుకు చుట్టూ తడిమాడు.

"పుల్ల ఆరిందా?"

"ఆరిందన్నా."

"బాగొచ్చింది రా. నా దానికంటే బాగొచ్చింది" అన్నాడు. నాకు సంతోషమేసింది. అబద్ధం చెప్పాను కదా అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నవ్వు దాచుకోలేక గ్రైండర్ తుడుస్తూ అటు తిరిగాను.

ఎనిమిది నెలలు గడిచాయి. మౌనేశ్ పొద్దున పూట నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోతుండగా, శిరివెళ్ల దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర కుడి పైపు కాలర్ దగ్గర తెగింది. వెనక బోల్టు పట్టుకునే ఉంది, ముందు కొస జారి రోడ్డులో గుచ్చుకుంది. బండి లేచి పడింది. అతని కుడి మోకాలు నుజ్జయింది. ప్రాణం ఉంది, కాలు ఉంది. మోకాలు మాత్రం ఇక మడవదని కర్నూల్లో డాక్టర్లు చెప్పారు.

మడవకపోతే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. శిల్పి నేలమీద కూర్చుని చెక్కుతాడు. ఒక కాలు మడిచి, ఇంకో పాదంతో రాయిని అదిమిపట్టి, ముఖం రాయికి దగ్గరగా తెచ్చి చెక్కుతాడు. కన్ను, ముక్కు, పెదవి, ఇవన్నీ అలా కూర్చుంటేనే వస్తాయట. ఇది నాకు వాళ్ల నాయన చెప్పాడు.

ఆయన ఒక్కడే వచ్చాడు, భుజాన గోతం వేసుకుని. అరవలేదు, తిట్టలేదు. గోతంలోంచి విరిగిన పైపు ముక్క తీసి మా బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రాయి పగిల్తే దెబ్బ యాడ తప్పిందో మేం జూసి చెప్తాం. ఇనుము సంగతి మాకు తెల్దు. మీరే జూసి చెప్పండప్పా" అన్నాడు.

మౌలాలి అన్న పైపును చేతిలోకి తీసుకున్నాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, వెలుతురుకు తిప్పాడు. కనపడటం లేదని నాకు అర్థమైంది. చూపుడువేలు విరిగిన కొసలోకి పోనిచ్చాడు. గరగరమన్న చప్పుడు నాకు వినిపించింది. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

"లోపల గ్యాస్ పట్టలేదు. ఇది రోడ్డు తప్పు కాదప్పా. మాదే" అన్నాడు.

అన్న నా వైపు తిరిగాడు.

"ఏమిరా, రెండు కాలర్లలో ఒకటి నేను జేసినా, ఒకటి నువ్వు జేసినావ్. నేను జేసింది ఏది? గుర్తు రాల్యా నాకు."

నిజం చెప్పడానికి ఎంత సమయం కావాలి? ఒక్క మాట. ఆ ఒక్క మాటకూ నాకూ మధ్య ఏమేం వచ్చాయో ఇప్పటికీ లెక్కపెట్టుకుంటూ ఉంటాను. గోతం పక్కన పెట్టుకుని కూర్చున్న పెద్దాయనంటే భయం వచ్చింది. పోలీసులు గుర్తొచ్చారు. నా పెళ్లి కుదిరి అప్పటికి రెండు నెలలు. కానీ వీటన్నిటికీ ముందు వచ్చిన ఆలోచన వేరే. ఈయనకు ఎలాగూ కళ్లు పోయాయి, ఇంకెన్నాళ్లు చేస్తాడు, నాకు ముందు బతుకంతా ఉంది. ఇంత పొడుగు ఆలోచన ఒక్క ఊపిరిలో వచ్చింది. ఎవరూ నాకు నేర్పలేదు. నా లోపలే తయారుగా ఉంది.

"కుడిదన్నా" అన్నాను.

"ఇది కుడిదేనా?"

"కుడిదే."

"నేను జేసిందేనా?"

"నువ్వేన్నా. ఎడమది నేను జేసినా."

ఆయన తల ఊపాడు. "అవునులే. నువ్వు జేసినదానికి నేనే అడిగినా గదా, పుల్ల ఆరిందన్నావ్. అంటే నాదే" అన్నాడు. నేను ఆ శుక్రవారం చెప్పిన అబద్ధాన్ని పట్టుకుని ఆయన తన జ్ఞాపకాన్ని తప్పనుకున్నాడు. నాతోనో తనతోనో, "పుల్ల నాకు సరిగా కనపడలేదేమో. ఆరిందనుకోని జేసినట్టున్నా" అన్నాడు.

అలా అంటూనే బొటనవేలితో పైపు బయట, అతుకు చుట్టూ మెల్లగా తడిమాడు. పొలుసులు ఎటు తిరిగాయో ఆ వేలికి తెలుస్తుందని భయపడ్డాను. తెలిసిందా? ఏడేళ్లుగా అడుగుతున్నాను. తెలిసి ఊరుకున్నాడా, తెలియక నమ్మాడా? తెలిసి ఊరుకుంటే ఆయన నన్ను కాపాడాడు. తెలియక నమ్మితే నేను ఆయన్ని చంపాను. రెంటిలో ఏది నిజమైనా నాకు నిలబడే చోటు లేదు.

పైపు బల్లమీద పెట్టి పెద్దాయన ముందు చేతులు జోడించాడు. "నా కండ్లు పోయినాయప్పా. పోయినా పని మానుకోల్యా. మీ పిల్లోని కాలు నేనే తీసినా" అన్నాడు.

పెద్దాయన లేచాడు. "చెప్పినావు. అంతే చాలు" అని గోతం మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కేసు పెట్టలేదు. పైపు ముక్కను మాత్రం మా బల్లమీదే వదిలేశాడు. దాన్ని గుడ్డలో చుట్టి నా పెట్టె అడుగున దాచింది నేనే.

మరుసటి వారం అన్న ఆళ్లగడ్డ తీసుకుపొమ్మన్నాడు. నా బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను. దారిపొడుగునా నా భుజం పట్టుకునే ఉన్నాడు. మౌనేశ్ మంచంమీద ఉన్నాడు. వాకిట్లో సగం చెక్కిన విగ్రహం, ముఖం లేకుండా నిలబడి ఉంది. మౌలాలి అన్న తడుముకుంటూ మంచం దగ్గరికి వెళ్లి, కట్టు కట్టిన కాలిమీద రెండు చేతులూ పెట్టి ఏడ్చాడు. గడ్డం తడిసేట్టు ఏడ్చాడు. నేను వెనక నిలబడ్డాను, చేతిలో బత్తాయిల సంచితో. ఆ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగొచ్చేదాకా పట్టుకునే ఉన్నాను. ఆ రోజు నా ముఖం నేను చూసుకోలేదు. ఎవరైనా చూసి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

అన్న మళ్లీ టార్చ్ ముట్టలేదు. షాపు నువ్వు చూసుకో అన్నాడు. పేరు మార్చొద్దని నేనే బతిమాలాను, బోర్డుమీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది. అది గౌరవమని అందరూ అంటారు. కొందరు నన్ను చూపించి వాళ్ల పిల్లలకు చెబుతారట, గురువంటే అట్లా చూసుకోవాలని. ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా? ఉంటుంది, వస్తున్నాను దానికే.

ఆయన రోజూ వచ్చి షాపు ముందు కుర్చీలో కూర్చునేవాడు. బండల లారీలు పోతుంటే వాటి హారన్లనుబట్టి ఇది ఫలానా వాళ్ల బండి అని చెప్పేవాడు. నేను లోపల పని మొదలుపెట్టేముందు ఆయనకు టేపు చింపే చప్పుడు వినిపించేది. వెంటనే అడిగేవాడు.

"పుల్ల ఆరిందా?"

"ఆరిందన్నా."

అప్పుడు నిజంగానే ఆరేది. ఆ రోజు తర్వాత నేను ఒక్క పని కూడా గ్యాస్ పెట్టకుండా చేయలేదు. దానివల్ల ఎవరికి ఏం లాభం? రోజుకు నాలుగైదుసార్లు ఆయన అడిగేవాడు, నాలుగైదుసార్లు నేను చెప్పేవాణ్ని. తను చేసిన తప్పు నేను చేయకూడదని ఆయన ఆరాటం. ఆ మాట నాతో ఒకసారి అన్నాడు కూడా. నేను టార్చ్ కింద పెట్టి వెనక సందులోకి పోయి, గోడకు తల ఆనించి నిలబడి, తిరిగొచ్చి పని చేసుకున్నాను.

ఏడాది దాటాక ఆయన కళ్ల ఆపరేషన్ అయింది. రెండు కళ్లూ బాగా వచ్చాయి. నల్ల అద్దాలు తీసేసిన రోజు నేరుగా షాపుకే వచ్చాడు. కనపడ్డ పైపులన్నీ చేతిలోకి తీసుకుని, పొలుసులు చూసి చూసి మురిసిపోయాడు. "నీ అతుకు ఇట్ల కుడికి పోతాది, జూడు. ఎంతమందిలో ఉన్నా చెప్తా నేను, ఇది మావోడిదని" అన్నాడు. తర్వాత ఆయన ఏమడుగుతాడో నాకు తెలుసు. అడిగాడు.

"ఆ ముక్క యాడుంది రా? నా తప్పు ఎట్లుందో ఒక్కసారి జూసుకోవాల."

పెట్టె ఆయన కాలి దగ్గరే ఉంది. మూత తెరిచి తీసిస్తే అయిపోయేది. నేను నోరు కూడా తెరవక్కర్లేదు, ఆయన కళ్లే చదివేసేవి.

"పాతసామానోడికి వేసేసినా అన్నా. నీ కండ్లబడితే బాధపడతావని."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. ఏడాది తర్వాత ఆ కళ్లు నన్ను సరిగా చూడటం అదే మొదలు. "మంచి పని జేసినావ్" అని లేచి వెళ్లాడు. ఆ మాటలో ఏముందో నాకు తెలియదు. నిజంగానే మెచ్చుకున్నాడేమో. కళ్లు వచ్చాయి కదా, మళ్లీ పని చెయ్యన్నా అని నేను అడగలేదు. వదిన అడిగింది. చెయ్యి మీద నమ్మకం పోయిందన్నాడట. నేను అడిగి ఉంటే ఏమనేవాడో. నేను అడగలేదు, ఎందుకంటే ఆయన టార్చ్ పట్టుకుంటే షాపులో నా స్థానం ఏమవుతుందో అని కూడా ఆలోచించాను. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. కానీ ఆలోచించాను.

నిరుడు ఆయన పోయాడు. గుండె. ఒక పూటలో అయిపోయింది. ఒక మనిషి కాలు తీశాడన్న నిందతోనే పోయాడు. మట్టి వేసేటప్పుడు నేనూ మూడు పిడికిళ్లు వేశాను, ఎడమచేత్తో కాదు, కుడిచేత్తో. ఎందుకలా చేశానో నాకు తెలియదు. రంజాన్‌కు వదిన ఎప్పటిలాగే గిన్నె నిండా షీర్ ఖుర్మా పంపింది. సొంత తమ్ముడి కంటే ఎక్కువ చూసుకున్నావని అంది. తిన్నాను.

అన్న పోయిన రెండు నెలలకు ఆళ్లగడ్డ వెళ్లాను, మౌనేశ్‌కు చెప్పేయాలని. దారిలో మాటలన్నీ కూర్చుకున్నాను. అతను షెడ్డులో ఉన్నాడు. నిలబడే పని చేస్తున్నాడు, మిషనుతో పీఠాలు నునుపు చేస్తున్నాడు. నేలమీద కూర్చుని ముఖం చెక్కుతున్నవాడు వేరే ఎవరో. నన్ను చూసి మిషను ఆపాడు. మౌలాలి అన్న పోయిన సంగతి చెప్పాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు జేసినోళ్లు చానామంది అన్నా. ఇంటికొచ్చి ఏడ్చినోడు ఆయనొక్కడే" అన్నాడు.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఇప్పుడు నిజం చెబితే అతనికి మిగిలిన ఆ ఒక్క ఊరటా పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చూశారా, ఎంత బాగా సర్దిచెప్పుకుంటానో. టీ తాగి వచ్చేశాను. మోకాలు మడవని కాలిని పక్కకు ఈడ్చుకుంటూ రోడ్డుదాకా సాగనంపాడు.

కాబట్టి ఎవరికి చెప్పాలి? అన్న లేడు. మౌనేశ్‌కు చెప్పలేకపోయాను, చెబుతానన్న నమ్మకం ఇప్పుడూ లేదు. పెద్దాయన మంచాన ఉన్నాడట. ఈ కాగితం వదిన చేతికి చేరితే, పేర్లు మార్చినా ఆమెకు తెలిసిపోతుంది. తెలిస్తే ఆమె ఏం చేస్తుందో ఊహించుకోలేను. తెలియకపోతే ఇంకో రంజాన్‌కు గిన్నె పంపుతుంది. అదీ ఊహించుకోలేను. ఎటు చూసినా సరిచేసే దారి లేదు. విరిగిన అతుకును కోసి పారేసి కొత్తగా అతకొచ్చు. దీన్ని ఎక్కడ కొయ్యాలో నాకు తెలియడం లేదు.

ఈరోజు మధ్యాహ్నం కర్నూలు నుంచి వచ్చిన ఒక బండికి కాలర్ పని పడింది. కాలర్ పైకి పెట్టి, టేపు కట్టి, గొట్టం పెట్టి, చిల్లు దగ్గర పుల్ల గీశాను. ఆరింది. అన్న పోయాక కూడా ఇన్నాళ్లూ అలవాటుకొద్దీ ఖాళీ కుర్చీ వైపు తిరిగి "ఆరిందన్నా" అంటూనే ఉన్నాను. ఈరోజు కూడా తిరిగాను. ఆ మాట రాలేదు.

"ఆరోజు నేను పుల్ల గీయనే లేదన్నా" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క షాపులో గ్రైండర్ ఆడుతూనే ఉంది. రోడ్డుమీద బండల లారీ ఒకటి పోయింది. ఏమీ కాలేదు. టార్చ్ కింద పెట్టి, పెట్టెలోంచి ముక్క తీసి బల్లమీద పెట్టాను, పెద్దాయన పెట్టిన చోటే. పొలుసులు ఇప్పటికీ మెరుస్తున్నాయి. కుడికి తిరిగి ఉన్నాయి. దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టలేదు. షాపులోకి వచ్చిన ఎవరైనా చూడొచ్చు, చదవడం వచ్చినవాళ్లయితే చదవొచ్చు. ఆ తర్వాత కూర్చుని ఇది రాశాను.

క్షమించమని అడగడం లేదు. క్షమించగలిగినవాడు నేను మోపిన నింద మోసుకునే మట్టిలో కలిసిపోయాడు. మీరు విన్నారు, అంతే. ఊపిరి కాస్త ఆడుతోంది. రేపు ఆడుతుందో లేదో తెలియదు.

కుడి పక్క అతుకు నాది. మౌలాలి అన్నది కాదు.